సోడా బ్రెడ్ పొంగలేదా? సోడా మాత్రం పెంచకండి

ఈస్ట్ లేకుండా వంటసోడా, మజ్జిగతో పొంగించే ఐరిష్ సోడా బ్రెడ్ మొదటిసారి చేసినవాళ్ల దగ్గర్నుంచి వచ్చే ప్రశ్న దాదాపు ఒక్కటే. "ఇటుకలా వచ్చిందండీ, ఈసారి ఇంకో అర చెంచా సోడా వేయనా?" వేయకండి. డబ్లిన్‌లో ఉండి చేసుకునేవాళ్లదీ ఇదే ప్రశ్న, విజయవాడలో చిన్న ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) చేసుకునేవాళ్లదీ ఇదే. రెండోసారి ఆ అర చెంచా పడుతుంది, రొట్టె పసుపుపచ్చగా, సబ్బు వాసనతో వస్తుంది, మూడోసారికి ఇక పిండే కలపరు. ఇంత సులువైన రొట్టెను అలా వదిలేసుకోవడం బాధగా ఉంటుంది. అందుకే ముందు ఆ సంగతే.

అపోహ: సోడా ఎంత వేస్తే అంత పొంగుతుంది.

వాస్తవం: సోడా ఒక్కటే రొట్టెను సరిగా పొంగించలేదు. సోడా, పులుపు కలిస్తేనే కావలసినంత గాలి పుడుతుంది. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం తగలగానే వంటసోడా నుంచి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది, ఆ బుడగలే పిండిని లేపుతాయి. ఒక గ్రాము సోడా పూర్తిగా ఖర్చవ్వాలంటే సుమారు ఒక గ్రాము లాక్టిక్ ఆమ్లం కావాలి. 400 మిల్లీలీటర్ల పుల్ల మజ్జిగలో ఉండేది మూడు గ్రాములు, మహా అయితే నాలుగు. అంటే ఆ మజ్జిగ వాడుకోగలిగే సోడాకు ఒక హద్దుంది. హద్దు దాటి కాస్త మిగిలినా ఫర్వాలేదు, ఓవెన్ వేడికి అది విడిపోయి తనవంతు పొంగు ఇస్తుంది. రెట్టింపు వేస్తే మాత్రం మిగిలిన సోడా వేడికి సోడియం కార్బొనేట్‌గా మారుతుంది. మన ఇళ్లలో బట్టలు ఉతికే సోడా అదే. సబ్బు రుచి అందుకే.

ఇంకో మోసం కూడా ఉంది. సోడా మిగిలిన పిండి పైన త్వరగా ఎర్రబడుతుంది. ఇరవై నిమిషాలకే ముదురు గోధుమ రంగు చూసి కాలిపోయిందనుకుని బయటికి తీస్తారు, లోపలేమో పచ్చిముద్ద. "పొంగలేదు" అని చెప్పే రొట్టెల్లో చాలావరకు పొంగే ఉంటాయి. ఉడక్కముందే తీయడంతో మధ్యలో దిగబడినవే అవన్నీ.

మరి మొదటి రొట్టె గట్టిగా ఎందుకొచ్చింది? సోడా చాలక కాదు, మజ్జిగలో పులుపు చాలక. మనం ఇంట్లో మజ్జిగ అనేది ఒక వంతు పెరుగులో మూడు వంతుల నీళ్లు. దాహానికి అది హాయి, ఈ రొట్టెకు అది నీళ్లతో సమానం. పాత ఐరిష్ ఇళ్లలో వాడింది పులిసిన మీగడ చిలికి వెన్న తీశాక మిగిలిన చిక్కటి చల్ల. మన కవ్వం కింద మిగిలేదీ అదే. ఇప్పుడు ఐర్లాండ్ దుకాణాల్లో బటర్‌మిల్క్ పేరుతో దొరికేది పాలను తోడుపెట్టి పులియబెట్టినది, అదీ చిక్కగానే ఉంటుంది.

ఇంట్లో చేసుకోవాలంటే 280 గ్రాముల పెరుగు తీసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన కమ్మటి పెరుగు కాదు, తోడుకున్నాక మరో ఏడెనిమిది గంటలు బయటే ఉన్నది. 120 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఉండలు లేకుండా చిలకండి. చెంచాతో నాలుక మీద వేసుకుంటే మజ్జిగ పులుసుకు పనికొచ్చే పులుపు తెలియాలి, చురుక్కుమనాలి. ప్యాకెట్ మసాలా మజ్జిగ అసలు వద్దు. పుల్ల పెరుగు దొరకని రోజున 370 మిల్లీలీటర్ల పాలల్లో రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం పిండి పది నిమిషాలు వదిలేయండి, కాస్త విరిగినట్టు అవుతుంది, అదీ పనిచేస్తుంది. ఉత్త పాలు పనిచేయవు.

కొలత ఇదీ: మైదా 450 గ్రాములు, వంటసోడా 4 గ్రాములు, ఉప్పు ఒక టీస్పూను, మజ్జిగ 350 నుంచి 400 మిల్లీలీటర్లు. నాలుగు గ్రాములంటే కొలత టీస్పూను అంచు దాకా కూడా నిండదు. గోపురంలా తీసిన చెంచాలో దాదాపు రెట్టింపు పడుతుంది, చాలామంది చేతిలో జరిగే పొరపాటు ఇదే. సోడాను వేళ్లతో నలిపి, పిండితో పాటు జల్లించండి. ఉండ మిగిలితే అక్కడ పసుపు మచ్చ, ఆ ముక్క తిన్నవాళ్లకు చేదు.

అనుమానంగా ఉంటే పసుపుతో తేల్చుకోవచ్చు. చిటికెడు పసుపు చెంచాడు నీళ్లలో కలిపి, కాలిన రొట్టె లోపలి మెత్తటి భాగం మీద ఒక చుక్క వేయండి. పసుపుగానే ఉంటే కొలత సరిపోయింది. సున్నం తగిలిన పారాణిలా ఎర్రబడితే సోడా మిగిలిపోయిందని. తర్వాతి సారి ఒక గ్రాము తగ్గించండి, లేదా మజ్జిగ ఇంకాస్త పులియనివ్వండి.

అపోహ: బేకింగ్ పౌడర్, బేకింగ్ సోడా ఒకటే.

వాస్తవం: కాదు. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పులుపూ, పిండిపదార్థమూ కలిపే ఉంటాయి. ఒక చెంచా సోడా చేసే పనికి అది సుమారు మూడు చెంచాలు కావాలి. దాంతో చేసిన రొట్టె చెడ్డదేం కాదు కానీ సోడా బ్రెడ్ రుచి రాదు. ఐర్లాండ్‌లో ఉన్నవాళ్లు పిండి సంచి మీద అక్షరాలు చదివి తీసుకోండి. సెల్ఫ్ రైజింగ్ అని ఉంటే పొంగించే సరుకు అందులో ముందే కలిసి ఉంటుంది, మళ్లీ సోడా వేయకూడదు. స్ట్రాంగ్ ఫ్లోర్ ఈస్ట్ బ్రెడ్‌కు. మీక్కావలసింది మన మైదాలాంటి క్రీమ్ ఫ్లోర్ లేదా ప్లెయిన్ ఫ్లోర్.

అపోహ: చపాతీ పిండిలా బాగా పిసికి, అరగంట నాననివ్వాలి.

వాస్తవం: రెండూ తప్పే. మన చేతికి అలవాటైన పని కాబట్టి మానుకోవడం కష్టం, నాకు అర్థమవుతుంది. కానీ పిసికితే గ్లూటెన్, అంటే గోధుమలోని సాగే ప్రోటీన్, బిగుసుకుంటుంది. సోడా ఇచ్చే బుడగలకు దాన్ని సాగదీసే బలం లేదు. నానబెడితే ఆ బుడగలూ పోతాయి. ముందు ఓవెన్ 230 డిగ్రీలకు వేడెక్కనివ్వండి, ఆ తర్వాతే మజ్జిగ పోయండి. పిండి మధ్యలో గుంట చేసి, 350 మిల్లీలీటర్లు ఒకేసారి పోసి, వేళ్లు విడదీసి పంజాలా బిగించి మధ్యనుంచి అంచుకు గుండ్రంగా తిప్పండి. అర నిమిషంలో కలిసిపోవాలి. అడుగున పొడిపిండి కనిపిస్తే మిగతా మజ్జిగ చల్లండి. ముద్ద చేతికి అంటుకుంటుంది, ఎగుడుదిగుడుగా ఉంటుంది. అదే సరైన పిండి, భయపడి పొడిపిండి కుమ్మరించకండి. బండ మీద కాస్త పిండి చల్లి, రెండే రెండు సార్లు మెల్లగా తిప్పి, నాలుగు సెంటీమీటర్ల మందాన గుండ్రంగా తట్టి, పైన శిలువ గుర్తులా కోసి (ఎలాగో చివర్లో చెబుతాను) ఓవెన్‌లో పెట్టేయండి. మజ్జిగ పోసిన దగ్గర్నుంచి ఓవెన్ తలుపు వేసేదాకా ఐదు నిమిషాలు దాటకపోతే మంచిది.

230 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తర్వాత 200కు దించి మరో 25 నుంచి 30 నిమిషాలు. రంగు చూసి తీయకండి. బోర్లించి అడుగున వేలితో తట్టండి, డొల్ల శబ్దం రావాలి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 95 డిగ్రీల దగ్గర ఉండాలి. ఓటీజీలో పై కడ్డీ దగ్గర కాబట్టి కింది అరలో పెట్టండి. పైన ముందే మాడుతుంటే అల్యూమినియం ఫాయిల్ కప్పండి.

అపోహ: మైదా వద్దు, మొత్తం గోధుమపిండితోనే చేయొచ్చు.

వాస్తవం: ఐర్లాండ్‌లో పండేది మెత్తరకం గోధుమ, ప్రోటీన్ తక్కువ. ఈ రొట్టె పుట్టిందే ఆ పిండికి. అక్కడి బ్రౌన్ సోడా బ్రెడ్‌లో కూడా గోధుమపిండి ముతకగా, తవుడుతో ఉంటుంది. మన చపాతీ పిండి మెత్తగా విసిరింది, నీళ్లు బాగా పీలుస్తుంది, మొత్తం దాంతోనే చేస్తే బరువెక్కుతుంది. సగం సగం కలిపి, మజ్జిగ 40 మిల్లీలీటర్లు పెంచండి.

ఇక మిగతావి. వేల ఏళ్లనాటి ఐరిష్ రొట్టె అన్నది నిజం కాదు, వంటసోడా అక్కడి ఇళ్లకు చేరింది 19వ శతాబ్దంలో. ఓవెన్ లేనిదే కాదన్నదీ నిజం కాదు. బాస్టిబుల్ అనే మూత ఉన్న ఇనుప కుండలో పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చేవారు. దిబ్బరొట్టె మీద నిప్పుల మూత చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఐర్లాండ్ ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్‌లోనైతే పిండిని నాలుగు ముక్కలుగా కోసి పెనం మీదే కాలుస్తారు, ఫార్ల్ అంటారు. ఎండు ద్రాక్ష, గుడ్డు, చక్కెర, వెన్న, జీలకర్రను పోలిన కారవే గింజలు వేసేది ఎక్కువగా అమెరికాలోని ఐరిష్ కుటుంబాల పద్ధతి. ఈస్ట్ లేదు కాబట్టి గ్లూటెన్ కూడా లేదనుకునేవాళ్లున్నారు. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. ఇది గోధుమ రొట్టె, గ్లూటెన్ ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు అడుగుతుంటారు: 4 గ్రాముల సోడాలో సోడియం సుమారు 1,100 మిల్లీగ్రాములు, ఉప్పుది దాదాపు అంతకు రెట్టింపు. పది ముక్కలు కోస్తే ముక్కకు 300 మిల్లీగ్రాముల పైమాటే. ముందు ఉప్పు సగం చేయండి, సోడా జోలికి వెళ్లకండి.

పైన కోసే శిలువ గుర్తు దయ్యాలను, యక్షిణులను బయటికి పంపడానికని అక్కడ చెప్పుకుంటారు. దాని అసలు పని వేడిని మధ్యదాకా పంపడం. పైపైన గీత గీస్తే లాభం లేదు. పదునైన కత్తితో ఈ అంచు నుంచి ఆ అంచుకు, మందంలో సగందాకా దించండి. కాలాక ఆ గీతల వెంట చేత్తోనే నాలుగు ముక్కలుగా విరుగుతుంది. విరిచిన చోట పిండి తడిగా మెరుస్తూ కనిపిస్తే, ముక్కలను అలాగే పళ్లెంలో పరిచి మళ్లీ 180 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు పెట్టండి, సరిపోతుంది.