జైల్లో దెబ్బతిన్నవారి కేసులు: అపోహలు - వాస్తవాలు

"ముందు మావాడు బయటికి రానివ్వండి సార్, తర్వాత కేసు వేద్దాం."

జైల్లో దెబ్బలు తిన్నవారి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు నాతో ఎక్కువగా అనే మాట ఇదే. దయచేసి ఆగకండి. మైనర్లకు, మతిస్థిమితం లేనివారికి కాలపరిమితి చట్టం వెసులుబాటు ఇస్తుంది. ఖైదీకి ఇవ్వదు. క్రిమినల్ కేసు ఎన్నేళ్లు సాగినా పరిహారం దావాకు గడువు తరిగిపోతూనే ఉంటుంది.

ఈ గడువు గొడవ కోయిలకుంట్ల సబ్‌జైలు కేసులోనే వచ్చింది. 1977 మే 5 రాత్రి తెల్లవారకముందే సెల్‌లోకి బాంబులు విసిరారు. రిమాండ్‌లో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయారు, కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. కాపలా సరిగా లేదని కుటుంబం ప్రభుత్వం మీద 10 లక్షలకు దావా వేసింది. ఏడాది గడువు దాటిందని కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు మాత్రం కాలపరిమితి చట్టంలోని 72వ ఆర్టికల్ (చట్టప్రకారం చేసిన పని మీద దావాకు ఏడాది గడువు) ఇక్కడ వర్తించదని, అదే చట్టంలోని 113వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్లు ఉంటుందని చెప్పి 1,44,000 రూపాయలు ఇప్పించింది. 2000లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

మూడేళ్లుందిగా అని కూర్చోవద్దు. "చట్టప్రకారం మా డ్యూటీ చేశాం, గడువు ఏడాదే" అన్న వాదన ప్రభుత్వం తరఫున మళ్లీ రావచ్చు. ప్రభుత్వం మీద దావాకు ముందు ఇవ్వాల్సిన సెక్షన్ 80 నోటీసుకు రెండు నెలలు పడుతుంది, ఆ రోజులను గడువులో లెక్కించరు గానీ నోటీసు మాత్రం ఆలస్యం చేయకూడదు. అందుకే ఏడాది లోపలే దావా పడాలని నేను పట్టుబడతాను.

ఒక తల్లి, తన కొడుకు నిర్దోషి అన్న తీర్పు కాపీ పట్టుకుని వచ్చింది. లోపల విరిగిన చేతికి సమయానికి కట్టు కట్టలేదు. నిర్దోషి అని తేలాక అడిగితే బలం ఉంటుందని ఎవరో చెప్పారట. శిక్ష పడినవాడికీ పరిహారం అడిగే హక్కుంది, ఈ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు! దావా గడువు పోయింది. రిట్ (హక్కుల కోసం నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేస్తే, ఆలస్యం ఎందుకైందో చెప్పుకోవడానికే సగం వాదన సరిపోయింది.

"ప్రభుత్వం మీద కేసు నిలవదు" అంటారు. ప్రాణహక్కు దగ్గర సార్వభౌమాధికారం (ప్రభుత్వాన్ని కోర్టుకు లాగలేరన్న రక్షణ) అడ్డు రాదని పై తీర్పే చెప్పింది. "ఫీజుకు డబ్బుల్లేవు." కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

"కేసు వేస్తే లోపల ఇంకా కొడతారేమో" అన్న టెన్షన్‌ను మాత్రం నేను తీసిపారేయను. వాయిదాకు తెచ్చినప్పుడు మేజిస్ట్రేటుకు నేరుగా చెప్పించండి, గాయాలు రికార్డు చేయమని, వైద్యపరీక్షకు పంపమని అడగండి. వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే కాగితం) మీద సంతకం జైల్లోనే పెట్టించవచ్చు, దానికి బెయిల్ దాకా ఆగక్కర్లేదు. ములాఖత్‌కు వెళ్లినప్పుడు చూసిన గాయాలు, తేదీలతో సహా ఆ రోజే రాసిపెట్టుకోండి.