రేస్ లారీకి గాలి ఎక్కడి నుంచి తేవాలి?

చీమకుర్తి క్వారీలో గ్రానైట్ దిమ్మె ఎక్కించుకున్న ట్రైలర్ ఒంగోలు వైపు వస్తూ ఎత్తు ఎక్కేటప్పుడు సైలెన్సర్ లోంచి నల్లపొగ కమ్ముకొస్తుంది. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కాడు, పంపు డీజిల్ పంపింది. కానీ ఆ డీజిల్ మొత్తం కాలడానికి సరిపడా ఆక్సిజన్ సిలిండర్‌లో లేదు. కాలకుండా మిగిలిపోయిన కార్బనే ఆ నలుపు. డీజిల్ ఇంజిన్‌కి ఇంధనం ఎక్కువ పోయడం తేలిక, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేస్తే చాలు. గాలి ఎక్కువ పోయడమే కష్టం. రేస్ ట్రక్కులవాళ్లు ట్విన్ టర్బో (పొగ తోపుతో తిరిగి గాలిని ఇంజిన్‌లోకి నొక్కే యంత్రాలు రెండు) అన్నా, నైట్రస్ (ఆక్సిజన్ ఎక్కువున్న వాయువు) అన్నా ఆ కష్టం తీర్చుకోవడానికే.

డీజిల్ ఇంజిన్ లోపలికి ముందు గాలి ఒక్కటే వెళ్తుంది. పదహారు పదిహేడు వంతుల చోటులో ఉన్న గాలి ఒక వంతు చోటులోకి నలిగేసరికి విపరీతంగా వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే స్పార్క్ ప్లగ్ లేకుండానే అంటుకుంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజిన్ సూత్రం ఇదే. కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి రసాయన లెక్క ప్రకారం సుమారు 14.5 కిలోల గాలి చాలు. అయితే డీజిల్ తుంపర గాలితో కలవడానికి దొరికే సమయం సెకనులో అతి చిన్న వంతు. అందుకే పొగ రాకుండా ఉండాలంటే 20 కిలోల దాకా గాలి ఇవ్వాలి. రేస్ ఇంజిన్ ప్లాన్ అంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అమెరికాలో డీజిల్ రేసులవాళ్లు ప్రాణంగా చూసుకునే ఇంజిన్ కమిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్లది. అదే కుటుంబానికి చెందిన ఇంజిన్‌ని జంషెడ్‌పూర్‌లోని టాటా కమిన్స్ మన టాటా లారీల కోసం తయారు చేసింది. నెల్లూరు ఆటోనగర్‌లో పాత మెకానిక్‌లకు చెయ్యి తిరిగిన ఇంజిన్ అది. లారీలో 130 నుంచి 180 హార్స్‌పవర్ ఇచ్చేది. దాన్నుంచి 600 హార్స్‌పవర్ రావాలనుకుందాం. దానికి నిమిషానికి సుమారు 1.8 కిలోల డీజిల్ కాలాలి. అంటే 36 కిలోల గాలి కావాలి. కానీ 3000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 3000 చుట్లు) దగ్గర, 40 డిగ్రీల ఎండలో, టర్బో లేకుండా ఈ ఇంజిన్ పీల్చగలిగేది నిమిషానికి 9 కిలోలే. నాలుగు రెట్లు చిక్కటి గాలి అందించాలి. నొక్కితే వేడెక్కిన గాలిని ఇంటర్‌కూలర్ (గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది) 70 డిగ్రీలకు దించగలిగినా, బయటి గాలి పీడనానికి 4.4 రెట్లు పీడనం తప్పదు.

ఒక్క టర్బోతో అంత దూరం పోవడం మంచిది కాదు. పీడనం పెరిగేకొద్దీ కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) సామర్థ్యం పడిపోతుంది, తిరిగే వేగం ప్రమాదకరంగా పెరుగుతుంది, గాలి కన్నా వేడే ఎక్కువ పుడుతుంది. కంప్రెసర్ చక్రం పెద్దది వేస్తే పై వేగంలో బాగుంటుంది కానీ కింది వేగంలో లేవదు. మన డ్రైవర్ల మాటలో చెప్పాలంటే బండికి పికప్ ఉండదు. అందుకే రెండు టర్బోలను ఒకదాని వెనక ఒకటి కడతారు. పెద్దది బయటి గాలిని తీసుకుని 2.1 రెట్లు నొక్కి చిన్నదానికి ఇస్తుంది. చిన్నది దాన్ని మళ్లీ 2.1 రెట్లు నొక్కుతుంది. ఇక్కడ పీడనాలు కూడుకోవు, గుణించుకుంటాయి. 2.1ని 2.1తో గుణిస్తే 4.4. రెండు టర్బోలూ తమకు హాయిగా ఉండే చోటే పనిచేస్తూ, కలిసి కావలసిన పీడనం ఇస్తాయి. 1905లో స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బూకీ టర్బోకి పేటెంట్ తీసుకున్న తర్వాత ఇంజిన్ల విషయంలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే.

పొగ దారి దీనికి ఎదురుగా సాగుతుంది. ఇంజిన్ నుంచి వచ్చే వేడి పొగ ముందు చిన్న టర్బోని, తర్వాత పెద్దదాన్ని తిప్పుతుంది. చిన్నది త్వరగా లేస్తుంది కాబట్టి స్టార్టింగ్‌లో పొగ తగ్గుతుంది. వేగం పెరిగాక ఆ పొగంతా చిన్నదాంట్లోంచే పోతే అది పగిలిపోతుంది, అందుకే పక్కదారి ఇచ్చే వేస్ట్‌గేట్ పెడతారు. దీని సైజు సరిగ్గా కుదరక చెడిపోయే ప్లాన్లు చాలా ఉంటాయి. గాలిని లోపలికి తోసే పీడనం, పొగ వెనక్కి తన్నే పీడనం దాదాపు సమానంగా ఉంటే కుదిరినట్టు. వెనక తన్నుడు రెట్టింపు దాకా పోతే చిన్న టర్బో గొంతు పట్టేసిందన్నమాట.

ఇలాంటి ట్రక్కులు ఎక్కువగా కనిపించేది అమెరికా డ్రాగ్ రేసుల్లో (నిలుచున్న చోటు నుంచి తిన్నగా సాగే చిన్న పరుగు), స్లెడ్ పుల్లింగ్ పోటీల్లో. స్లెడ్ పుల్లింగ్ అంటే మన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ లాంటిదే, కాకపోతే బండి ముందుకు పోయేకొద్దీ వెనక కట్టిన స్లెడ్ మీది బరువు ముందుకు జరిగి లాగడం ఇంకా కష్టమవుతుంది. మన దేశంలో 2014లో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో టాటా ప్రైమా ట్రక్కుల రేసు మొదలైంది. నెల్లూరు నుంచి వెళ్లగలిగినంత దగ్గర్లో ఉన్న ట్రాక్ చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై. ఈ పనులు ట్రాక్ కోసమే. రోడ్డు మీద తిరిగే బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. హైవే మీద పక్కన బైకు మీద వెళ్లే కుటుంబం గురించి ఆలోచిస్తే ఒప్పుకోకూడదు కూడా.

ఇక వేడి సంగతి. 40 డిగ్రీల గాలిని రెండు దఫాలు నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, బయటికొచ్చేసరికి 280 డిగ్రీలు దాటుతుంది. దాన్ని 70కి దించాలంటే దాదాపు 125 కిలోవాట్ల వేడి లాగెయ్యాలి. లారీ ముందుండే మామూలు ఇంటర్‌కూలర్ ఎదురుగాలి మీద ఆధారపడుతుంది, డ్రాగ్ రేసులో బండి కదిలేది నిలుచున్న చోటు నుంచి. అందుకే ఐస్ నీళ్ల తొట్టితో పనిచేసే ఇంటర్‌కూలర్ వాడతారు. 12 సెకన్ల పరుగుకి 15 లక్షల జౌళ్ల వేడి. కిలో ఐస్ కరిగితే 3.34 లక్షల జౌళ్లు మింగుతుంది. అంటే పరుగుకి నాలుగున్నర కిలోల ఐస్. రొయ్యల కోసం ఐస్ ఫ్యాక్టరీలు నడిచే నెల్లూరు తీరంలో దానికి కొరత ఏముంది!

నైట్రస్ ఆక్సైడ్ దగ్గరికొద్దాం. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ కనుక్కున్న వాయువు, ఆపరేషన్ థియేటర్లో మత్తు కోసం వాడేదే. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతం, దీని బరువులో 36 శాతం. సుమారు 300 డిగ్రీలు దాటాక విడిపోవడం మొదలై, ఆక్సిజన్‌తో పాటు కొంత వేడినీ వదులుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో నైట్రస్ కొడితే దాంతోపాటు పెట్రోల్ కూడా కలపాలి. డీజిల్ రేస్ ఇంజిన్‌లో మిగులు డీజిల్ పొగ రూపంలో ముందే ఉంది కాబట్టి నైట్రస్ ఒక్కటే చాలు. వంద హార్స్‌పవర్ అదనంగా రావాలంటే పది సెకన్లకి దాదాపు అర కిలో ఖర్చవుతుంది. నన్నడిగితే డీజిల్‌లో దీని అసలు విలువ వేరే చోట ఉంది. పెద్ద టర్బో నిద్ర లేచేలోపు కొద్దిగా నైట్రస్ ఇస్తే పొగలో వేడి పెరిగి టర్బో త్వరగా తిరుగుతుంది. గాలి వచ్చాక నైట్రస్ కట్టెయ్యొచ్చు.

మన జిల్లాల్లో మాత్రం ఒక చిక్కుంది. నైట్రస్ బాటిల్‌లో ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర దాని పీడనం సుమారు 50 బార్ (ఒక బార్ అంటే దాదాపు బయటి గాలి పీడనమంత). 36.4 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా అది ద్రవంగా ఉండదు, ద్రవానికీ వాయువుకీ తేడా పోతుంది. ద్రవం వస్తుందనుకుని లెక్క కట్టిన నాజిల్‌లోంచి బరువు ప్రకారం ఎంత పోతుందో అప్పుడు చెప్పలేం. బాటిల్ నిండుగా ఉంటే పీడనం వేగంగా పెరిగి సేఫ్టీ డిస్క్ చిట్లుతుంది. చలి దేశాల్లో బాటిల్‌కి హీటర్ కడతారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మనం తడి గోనె, నీడ, ఐస్ చూసుకోవాలి. కిట్‌తో వచ్చిన హీటర్‌ని అలవాటుగా బిగించడం ఇక్కడ పెద్ద తప్పు.

డబ్బు ముందుగా పెట్టాల్సింది మాత్రం హెడ్ (సిలిండర్ల మీది మూత) బోల్టుల మీద. ఈ ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 102 మిల్లీమీటర్లు. లోపలి పీడనం 180 బార్‌కి చేరితే ఒక్కో సిలిండర్ దగ్గరా అది హెడ్‌ని 15 టన్నుల బలంతో పైకి తోస్తుంది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఒకేసారి నైట్రస్ మొత్తం వదిలితే ఈ పీడనం ఇంకా పెరిగి గ్యాస్కెట్ పోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే నైట్రస్ వదిలే వాల్వ్ తెరుచుకోవడానికి మూడు షరతులు పెట్టాలి: యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉండాలి, ఇంజిన్ కనీసం అనుకున్న ఆర్‌పీఎమ్‌కి చేరాలి, చిన్న టర్బో కొంత పీడనం చూపించాలి. ఒక్కటి తప్పినా వాల్వ్ దానంతటదే మూసుకోవాలి.