కూరగిన్నెలో శుభలేఖ

"సార్, మా ఇంట్లో పన్నెండేళ్లుగా రామచిలుక ఉంది. దాన్ని పెంచితే జైల్లో వేస్తారని మా ఆడపడుచు కొడుకు ఒకటే టెన్షన్ పెడుతున్నాడు. పక్క ఫ్లాటువాళ్లు మాత్రం రెండు జతల లవ్ బర్డ్స్‌ని దర్జాగా బాల్కనీలో వేలాడదీశారు. వాళ్లనెవరూ ఏమీ అనరు. ఇదెక్కడి న్యాయం?"

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ పంపిన ప్రశ్న ఇది. ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పినవాణ్ని కదా, పిట్ట పేరు వినిపిస్తే చాలు, చట్టం సంగతైనా సరే జనం నన్నే అడుగుతారు.

అబ్బాయి ఊరికే భయపెట్టడం లేదమ్మా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అనే మాటకి చాలా పెద్ద అర్థం ఉంది. మనం తుపాకీ పేలితేనే వేట అనుకుంటాం. వల వేసినా, ఉచ్చు పెట్టినా, తొర్రలోంచి పిల్లని తీసినా, గుడ్లు పగలగొట్టినా ఆ చట్టం దృష్టిలో వేటే. అలా పట్టిన ప్రాణి ప్రభుత్వ ఆస్తి, అనుమతి లేకుండా ఎవరి దగ్గరా ఉండకూడదు. రామచిలుక ఇప్పుడు ఆ చట్టం రెండో షెడ్యూలులో, అంటే రెండో జాబితాలో ఉంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇదివరకు ఆ జరిమానా 25 వేలే, 2022 సవరణలో లక్ష చేశారు.

ఇక పక్క ఫ్లాటు సంగతి. మన ఊళ్లో లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు బడ్జీలు. ఆస్ట్రేలియా పక్షులు. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. పక్షులమ్మే ముర్గీ చౌక్‌కి వెళ్లి 'బడ్జీ' అంటే కొత్తవాడనుకుని రేటు పెంచుతారేమో గానీ, చట్టం పుస్తకంలో మాత్రం ఆ తేడా ప్రాణమంత ముఖ్యం. బడ్జీ పేరు మన షెడ్యూళ్లలో ఎక్కడా లేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. అంతరించిపోయే ప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అనే ఒప్పందం 1973లో కుదిరింది, మన దేశం 1976లో చేరింది. ప్రపంచంలోని చిలుకజాతి పక్షులన్నీ దాని జాబితాల్లో ఉన్నాయి, నాలుగు తప్ప. ఆ నాలుగు ఏవంటే బడ్జీ, కాకటీల్, గులాబీ మొహం లవ్ బర్డ్, మన రామచిలుక! రామచిలుకకి ప్రపంచంలో కరువేమీ లేదు. లండన్ పార్కుల్లో అది గుంపులు గుంపులుగా తిరుగుతూ అక్కడివాళ్ల ఆపిల్ చెట్లని పాడుచేస్తోంది. అక్కడ పిలవని పేరంటం, ఇక్కడ ప్రభుత్వ ఆస్తి.

చట్టానికి పిట్ట మీద ప్రేమ లేదని అనను. కానీ దాని చేతికి అందేది పేరు ఒక్కటే. ఏ షెడ్యూలు, ఎంత శిక్ష, బెయిలు వస్తుందా రాదా, అన్నీ ఆ పేరుని బట్టే. నన్ను పట్టుకున్న పాయింటు ఇదే. మిగతా చరిత్రని గబగబా చెప్పేస్తాను.

అప్పట్లో వన్యప్రాణులు రాష్ట్రాల పరిధిలో ఉండేవి. అందుకని 11 రాష్ట్రాల శాసనసభలు 'మా తరఫున మీరే చట్టం చేయండి' అని తీర్మానం చేస్తే పార్లమెంటు ఈ చట్టం తెచ్చింది. ఆ 11 పేర్ల వరసలో మొదటిది ఆంధ్రప్రదేశ్, ఇంగ్లీషు అక్షరక్రమం పుణ్యమా అని. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో అడవులూ వన్యప్రాణులూ ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. మొదట్లో అయిదు షెడ్యూళ్లు ఉండేవి, తర్వాత ఆరయ్యాయి. 2022 సవరణ వాటిని నాలుగు చేసింది: గట్టి రక్షణ ఉన్న జంతువులు, కొంచెం తక్కువ రక్షణ ఉన్నవి, మొక్కలు, సైటిస్ జాబితా.

ఈ సవరణలో ఎగిరిపోయిన పాత అయిదో షెడ్యూలు గురించి మాత్రం ఒక మాట. అది 'హానికర జంతువుల' జాబితా. ఎలుకలు, పళ్లు తినే గబ్బిలాలు, కాకి! తద్దినం రోజున విస్తరి ముందు పెట్టుకుని 'రా నాన్నా, ముట్టు నాన్నా' అని గంటసేపు బతిమాలతామే, ఆ కాకిని చట్టం యాభై ఏళ్లు ఆ వరసలో నిలబెట్టింది. క్లాసులో ఇది చెబితే పిల్లలు నవ్వేవాళ్లు. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

సరే, పేరు సంగతికి వద్దాం. బతికున్న చిలుకని చూసి పేరు చెప్పడానికి నేనక్కర్లేదు, మీ వాచ్‌మన్ కూడా చెబుతాడు. కానీ అటవీ శాఖవాళ్లకి దొరికేవి అలా ఉండవు. ఎండిన చర్మం ముక్క, గోరు, సంచిలో ఎముకలు, ఒక్కోసారి పొయ్యి మీద ఉడుకుతున్న కూర. "ఏం మాంసం?" అంటే "మేకమాంసం సార్" అంటాడు. ఉల్లిపాయ, కారం, మసాలా పడ్డాక జింకకీ మేకకీ తేడా నాలుక్కి తెలియదు, కోర్టుకి అసలే తెలియదు. గిన్నెలో ఉన్నదాని పేరు రుజువు చేయలేకపోతే షెడ్యూలు లేదు. షెడ్యూలు లేకపోతే కేసు లేదు.

అలాంటి గిన్నెలు దేశం నలుమూలల నుంచీ మన అత్తాపూర్‌కి వస్తాయి. పిల్లర్ నంబరు చెప్పకపోతే ఆటోవాడికి అడ్రసు అర్థంకాని ఆ అత్తాపూర్‌కే. కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ వాళ్ల లాకోన్స్ అనే ప్రయోగశాల అక్కడుంది, అంతరించిపోతున్న ప్రాణుల కోసం పెట్టింది. దాని వెనకున్న మనిషి లాల్జీ సింగ్, మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల విద్యకి పునాది వేసినాయన. 2003లో ఎస్.కె. వర్మ, లాల్జీ సింగ్ కలిసి ఒక పద్ధతి ప్రచురించారు. ఏ జంతువో ముందుగా తెలియకపోయినా, ముక్క చేతికిస్తే పేరు చెప్పే పద్ధతి. ఇదెలా కుదురుతుందో చెప్పడానికి నేను క్లాసుకి పెళ్లి శుభలేఖల కట్ట పట్టుకెళ్లేవాణ్ని.

ఏ శుభలేఖైనా తీయండి. పైన 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు'. కింద 'సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన'. ఈ రెండూ ఏ ఇంటి పెళ్లికైనా ఒకటే. మారేది మధ్యలోది, వరుడి పేరు, వధువు పేరు, ఇంటిపేర్లు, ఊళ్లు. ఇప్పుడు మీ ముందు చెత్తకాగితాల గుట్ట ఉంది. అందులో ఎక్కడో ఒక శుభలేఖ ఉంది. ఎవరి పెళ్లో తెలియదు. ఎలా వెతుకుతారు? 'శ్రీరస్తు' ఎక్కడుందో చూసి, 'ప్రార్థన' ఎక్కడుందో చూసి, ఆ రెంటి మధ్య ఉన్నది జిరాక్స్ తీస్తారు. ఎవరి పెళ్లో ముందు తెలియాల్సిన పని లేదు, జిరాక్స్ చదివితే అదే తెలుస్తుంది.

డీఎన్ఏలో ఆ శుభలేఖ సైటోక్రోమ్ బి అనే జన్యువు. కణం ఊపిరి పీల్చే యంత్రాంగంలో ఒక ముఖ్యమైన ప్రొటీన్‌కి అది నమూనా. ఊపిరి అందరికీ కావాలి కాబట్టి పులిలోనూ ఉంది, ఉడుములోనూ ఉంది, మీలోనూ ఉంది. ఆ జన్యువులో కొన్ని చోట్ల అక్షరం మారితే ప్రొటీన్ పనిచేయదు, ప్రాణి బతకదు. అందుకని కోట్ల ఏళ్లుగా అవి దాదాపు మారకుండా ఉన్నాయి. అవే మన 'శ్రీరస్తు', 'ప్రార్థన'. మిగతా చోట్ల మార్పుకి చోటుంది. డీఎన్ఏలో మూడేసి అక్షరాలకి ఒక మాట, ఆ మూడో అక్షరం మారినా చాలాసార్లు మాట అర్థం మారదు, 'వెంకటేశ్వర్లు' అని రాసినా 'వెంకటేశ్వరులు' అని రాసినా పీటల మీద కూర్చునేది అదే మనిషి అన్నట్టు. ప్రాణికి నష్టం లేదు గనక ఆ మార్పులు అలా పోగుపడుతూ వస్తాయి, ఒక్కో జాతిలో ఒక్కో రకంగా. చదవాల్సిన భాగం 470 అక్షరాల పైచిలుకు, అంతే. ఎ, టి, జి, సి అనే నాలుగక్షరాలతో రాసింది.

జిరాక్స్ మిషను పేరు పీసీఆర్. 'శ్రీరస్తు'కి అతుక్కునే ఒక చిన్న డీఎన్ఏ ముక్క, 'ప్రార్థన'కి అతుక్కునే ఇంకో ముక్క తయారుచేసుకుంటారు, వాటిని ప్రైమర్లంటారు. నమూనాని 95 డిగ్రీల దాకా వేడిచేస్తే డీఎన్ఏ జంటపోగులు విడిపోతాయి. చల్లబరిస్తే ప్రైమర్లు వెళ్లి అంటుకుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఒక ఎంజైము, వేడినీటి బుగ్గల్లో బతికే సూక్ష్మజీవి నుంచి తెచ్చింది, మధ్యలోది కాపీ చేస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముప్పై సార్లు తిప్పితే లెక్క ప్రకారం 107 కోట్ల కాపీలు. ఆ వరసని చదివి, తెలిసిన జాతుల వరసలతో పోల్చి చూస్తారు.

మరి ఉడికిపోయాక కూడా మిగులుతుందా అంటారు. అక్కడే ఈ జన్యువుని ఎంచుకోవడంలోని తెలివి. కణంలో మామూలు జన్యువులు రెండేసి ప్రతులే, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. సైటోక్రోమ్ బి ఉండేది కణానికి శక్తి తయారుచేసిపెట్టే మైటోకాండ్రియాలో. దాని ప్రతులు ఒక్కో కణంలో వందల్లో, వేలల్లో ఉంటాయి. రెండే రెండు శుభలేఖలు అచ్చేసి పొయ్యిలో పడేస్తే బూడిదే. వెయ్యి వేస్తే, ఎన్ని కాలినా, ఎన్ని చిరిగినా, పై నుంచి కింద దాకా చదవగలిగేది ఒక్కటి మిగలకపోదు. శుభలేఖ ఎంత చిన్నదైతే అది మిగిలే అవకాశం అంత ఎక్కువ.

నమూనాని ఆల్కహాల్‌లో వేసి పంపితే మంచిది. ఫార్మాలిన్‌లో వేస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయిన పుస్తకంలా తయారవుతుంది. మా కాలేజీ మ్యూజియంలో పాములూ కప్పలూ అన్నీ ఫార్మాలిన్ సీసాల్లోనే ఉండేవి. చూడ్డానికి నిగనిగలాడేవి గానీ, చదవాలంటే మహా కష్టం.

ఈ శుభలేఖకి ఒక లోపం ఉంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. అంటే ఆడపెళ్లివారు అచ్చు వేయించిన కార్డు, అందులో మగపెళ్లివారి పేరే ఉండదు. ఆడగుర్రానికీ మగ గాడిదకీ పుట్టిన కంచరగాడిదని ఈ పరీక్ష గుర్రం అనే చెబుతుంది. అడవిపంది, ఊరపంది అయితే శాస్త్రం ప్రకారం ఒకే జాతి, అక్కడ ఈ ఒక్క జన్యువుని నమ్ముకుంటే లాభం లేదు. అప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరి జన్యువులూ చూడాలి, అది వేరే కథ, అంత రుచిగా కూడా ఉండదు.

కూర సంగతి అలా ఉంచి, పూజగది సంగతి చెబుతాను. 'హత్తాజోడి' పేరు వినే ఉంటారు. నమస్కారం పెట్టిన రెండు చేతుల్లా ఉండే అరుదైన వేరు, బీరువాలో పెడితే లక్ష్మి నిలుస్తుందని సింధూరం పూసి అమ్ముతారు. దాన్ని పరీక్షిస్తే తేలిందేమిటంటే అది వేరూ కాదు, మొక్కా కాదు. మగ ఉడుము జననాంగం, ఎండబెట్టింది. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. కనిష్ఠ శిక్షే మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు. ఎంతమంది దానికి రోజూ కుంకుమ పెట్టి దణ్ణం పెడుతున్నారో తలుచుకుంటే నాకు నోట మాట రాదు. ఈ పాపంలో కొంత మా మాస్టార్లదీ ఉంది. ఉడుము అంతర్నిర్మాణం బొమ్మ గీయించి పదేసి మార్కులు వేశాం గానీ, ఒక్కరోజు కూడా పిల్లలకి ఈ వస్తువు చూపించి 'ఇదేంట్రా?' అని అడగలేదు.

పేరు తెలిసినంత మాత్రాన రక్షణ దొరుకుతుందనీ చెప్పలేను. పాలపిట్ట పేరు తెలియని తెలంగాణవాడు లేడు, అది మన రాష్ట్ర పక్షి. దసరా రోజు చూస్తే శుభం. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చోబెట్టుకుని పొలాల వైపు తీసుకెళ్లేవాడు, కరెంటు తీగ మీద నీలంగా ఒకటి కనిపించేది, ఎగిరితే రెక్కల్లో ఇంకో నీలం విచ్చుకునేది. ఇప్పుడు పొలాలెక్కడివి? గుడి దగ్గరికే పంజరం వస్తుంది. గుడ్డ కప్పి ఉంటుంది, డబ్బిస్తే తొలగిస్తాడు. మూడేళ్ల కింద మా కాలనీ దగ్గర నేనూ తొంగిచూశాను. కాళ్లకి దారం, తోక ఈకలు సగానికి విరిగి, నోరు తెరుచుకుని రొప్పుతోంది. నా ముందున్నాయన కళ్లకద్దుకున్నాడు. నేను అటవీ శాఖకి ఫోన్ చేసి వాళ్లొచ్చేసరికి పంజరం ఇంకో గుడికి వెళ్లిపోయింది.

పేరు లేనివాటి గతి ఇంకో రకం. షెడ్యూళ్లలో సీతాకోకచిలుకలు తప్పిస్తే సాలీళ్లు, పురుగులు చాలా తక్కువ, ఇంకా ఎవరూ పేరే పెట్టనివి ఎలా ఎక్కుతాయి? వాటిని కాపాడేది అవి ఉన్న నేల. అందుకే చట్టంలో అభయారణ్యాలూ జాతీయ పార్కులూ ఉన్నాయి. కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గర మృగవని, ఒకప్పుడు నిజాం వేటాడిన వనస్థలిపురం హరిణ వనస్థలి అలా మిగిలినవే. అలాంటి ముద్ర పడని నేల సంగతి 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో కంచ గచ్చిబౌలిలో చూశాం. 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి, నెమళ్లు అరిచాయి, చివరికి సుప్రీంకోర్టు ఆపమనాల్సి వచ్చింది. అక్కడికి కాస్త దూరంలోనే బయోడైవర్సిటీ జంక్షన్. 2012లో జీవవైవిధ్యం మీద ప్రపంచ దేశాలు హైదరాబాద్‌లో సమావేశమైనందుకు గుర్తుగా పెట్టిన పార్కు నుంచి వచ్చింది ఆ పేరు. ఇప్పుడు ట్రాఫిక్ వార్తల్లో తప్ప వినపడదు.

కూకట్‌పల్లి ఆవిడకి నేను రాసిన జవాబు ఇది: పంజరం తలుపు తీసి వదిలేయకండి. పన్నెండేళ్లు చేతిలో తిన్న పక్షికి గింజ వెతుక్కోవడం రాదు, సాయంత్రానికి కాకులో పిల్లులో పట్టుకుంటాయి. అటవీ శాఖవాళ్లతో మాట్లాడి వాళ్లకే అప్పగించండి. దాని ఫొటో ఒకటి పంపండి, మెడకి నల్లగీత ఉంటే మగది.

రాత్రి ఫొటో వచ్చింది. మెడకి గీత ఉంది. కానీ రామచిలుక కన్నా బాగా పెద్దది, ముక్కు బొద్దుగా ఉంది, రెక్క మొదట్లో భుజం మీద కుంకుమరంగు మచ్చ. రామచిలుకకి ఆ మచ్చ ఉండదు. "అమ్మా, ఇది రామచిలుక కాదు, పెద్ద చిలుక. అలెగ్జాండ్రిన్ అంటారు. ఇది సైటిస్ జాబితాలో కూడా ఉంది" అని రాశాను.

"అయితే కేసు ఇంకా పెద్దదా సార్?" అని వెంటనే జవాబు వచ్చింది. దాని కిందే ఇంకో లైను: "మేం మాత్రం రాముడనే పిలుస్తామండీ."