క్రైమ్ థ్రిల్లర్ హాయిగా చదవండి, కంప్లయింట్ మాత్రం ఆపకండి

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో మా కేసు పిలిచేదాకా కూర్చోవడమే సగం పని. అప్పుడు నా చేతిలో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న క్రైమ్ థ్రిల్లర్ ఉంటుంది. "మీరూ ఇవి చదువుతారా సార్?" అని జూనియర్లు నవ్వుతారు. ఎందుకు చదవను? పది పేజీలకో శవం, పాతికకో మలుపు, చివర్లో హంతకుడు దొరికిపోతాడు. మా దగ్గర అంత త్వరగా దొరికేది వాయిదా ఒక్కటే. థ్రిల్లర్లు చదివితే పిల్లలు చెడిపోతారన్నది పాత పాట, దాని జోలికి పోను.

నన్ను విసిగించే అపోహ వేరే ఉంది. మనిషి కనబడకపోతే 24 గంటలు ఆగాకే పోలీసులు కంప్లయింట్ తీసుకుంటారట! ఏ చట్టంలోనూ ఆ మాట లేదు. రాజ్యాంగం 22వ అధికరణంలో ఉన్న 24 గంటలు, అరెస్టు చేసినవాణ్ణి మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి పోలీసులకు పెట్టిన గడువు. దాన్ని తెచ్చి ఇక్కడ ఎవరు అంటించారో గానీ, కథల్లో ఇన్‌స్పెక్టర్లు చెప్తూనే ఉంటారు, జనం నమ్ముతూనే ఉంటారు.

ఒకాయన కూతురు ట్యూషన్ నుంచి ఇంటికి రాలేదు. రాత్రంతా దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో స్కూటరేసుకుని తిరిగి, తెల్లారాక నాకు ఫోన్ చేశాడు. "ఇంకా 24 గంటలు కాలేదు కద్సార్, ఇప్పుడెళ్తే తిడతారేమో." గొంతు వణుకుతోంది. అలాంటి మనిషిని ఏమంటాం? "ఫొటో, పాప ఫోన్ నంబరు పట్టుకుని ఇప్పుడే వెళ్లండి, నేనూ వస్తున్నా" అన్నాను. అమ్మాయి స్నేహితురాలి హాస్టల్లో దొరికింది, మార్కులు తక్కువొచ్చాయని భయపడిందట. అన్నిసార్లూ ఇలాగే ముగియదు. కొట్టు ముందు సీసీ కెమెరా రికార్డింగు డిస్కు నిండగానే చెరిగిపోతుంది. చూసిన ఆటోవాలాకు ఇవాళ గుర్తున్న ముఖం ఎల్లుండికి గుర్తుండదు.

తప్పిపోయింది పిల్లలైతే, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా అనే భావించి ఎఫ్‌ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. నేరం జరిగిందని అనుమానముంటే "మా పరిధి కాదు" అన్న మాటా చెల్లదు. నేరం ఎక్కడ జరిగిందని చూడకుండా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాల్సిందే. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న నేర విచారణ పద్ధతి చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్, 173వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. అప్పటికీ కట్టకపోతే డీసీపీకి పోస్టులో రాసి పంపండి. స్టేషన్‌కు వెళ్లేలోగా 112కు ఫోన్ చేయొచ్చు, పిల్లలకైతే 1098 ఉంది.

థ్రిల్లర్లలో కనిపించే మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా. పోస్ట్‌మార్టమ్ డాక్టరు "రాత్రి 11:40కి చనిపోయాడు" అని చెప్పలేడు, ఇన్ని గంటల మధ్య అని మాత్రమే అంచనా వేస్తాడు. లై డిటెక్టర్, మందిచ్చి ప్రశ్నలడిగే నార్కో పరీక్షలు నిందితుడు ఒప్పుకోకుండా చేయకూడదు, ఇది 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఇక ఆఖరి పేజీలో ఇన్‌స్పెక్టర్ ముందు హంతకుడు ఏడుస్తూ అంతా ఒప్పుకుంటాడు చూశారూ, ఆ వాంగ్మూలం కోర్టులో అతని మీద సాక్ష్యంగా పనికిరాదు. నాలాంటి డిఫెన్స్ లాయరుకు అక్కడే అసలు కథ మొదలు.