గ్రీకు రాని చేతులు, గ్రీకు వచ్చిన కళ్ళు: బొగ్గయిపోయిన పుస్తకాల కథ

2023లో అమెరికాలో లూక్ ఫారిటర్ అనే 21 ఏళ్ళ విద్యార్థి ఓ పార్టీలో ఉండగా ఫోన్ తీసి చూశాడు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కుర్రాడు. కాలి బొగ్గయిన ఓ పాత పుస్తకం స్కాన్ చిత్రాల్లో సిరా వెతికే పని ఇంట్లో కంప్యూటర్‌కు అప్పజెప్పి వచ్చాడు, అదెంతవరకు వచ్చిందో చూద్దామని. బూడిదరంగు మరకల మధ్య గ్రీకు అక్షరాలు కనిపించాయి. తర్వాత మరికొన్ని తేలాయి. చివరికి ఒక మాట కుదిరింది: పోర్ఫిరాస్. ఊదారంగుకు గ్రీకులో వాడే మాట. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలిన నాటి నుంచి ఎవరి కంటా పడని మాట. అక్టోబరులో ఆ సంగతి ప్రకటించి అతనికి 40,000 డాలర్ల బహుమతి ఇచ్చారు.

రెండు వేల ఏళ్ళ నాటి పుస్తకాన్ని ఏఐ చదివేసిందని వార్తలొచ్చాయి. నిజానికి ఆ ప్రోగ్రామ్‌కు ఒక్క గ్రీకు అక్షరం కూడా నేర్పలేదు. ఇక్కడ సిరా ఉందా, లేదా, అంతవరకే దాని పని. చదివింది వేరేవాళ్ళు. ఏళ్ళ తరబడి గ్రీకు నేర్చి, చిరిగిన పాపిరస్ (ఒక రకం రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) ముక్కల మీద కళ్ళు అరగదీసుకున్నవాళ్ళు. భాష రాని చెయ్యి బొమ్మ గీయడం, భాష వచ్చిన కన్ను దాన్ని చదవడం, ఈ పంపకం ఇప్పుడు మొదలైంది కాదు. పాపిరస్‌ను చుట్టగా చుట్టిన ఈ పుస్తకాల పని 270 ఏళ్ళుగా అలాగే నడుస్తోంది.

ఇటలీలో నేపుల్స్ పక్కన హెర్క్యులేనియం అనే ఊరుండేది. అదే పేలుడులో పాంపేయి అనే మరో ఊరి మీద ఎక్కువగా బూడిద, రాళ్ళు కురిస్తే, హెర్క్యులేనియం మీదికి మండే బూడిద, వాయువులు కలిసి వరదలా దూసుకొచ్చాయి. ఊరు దాదాపు 20 మీటర్ల లోతున కూరుకుపోయింది. ఆ పొర రాయిలా గట్టిపడింది. 1750లో బావి తవ్వేవాళ్ళకు అక్కడ ఒక పెద్ద భవనం ఆనవాళ్ళు దొరికాయి. కార్ల్ వెబర్ అనే స్విస్ మిలిటరీ ఇంజనీరు సొరంగాలు తొలిపించి, చీకట్లోనే దాని పటం గీశాడు. నేపుల్స్ రాజుకు కావాల్సింది కంచు విగ్రహాలు, పాలరాతి బొమ్మలు. అవి బాగానే దొరికాయి. వాటితోపాటు నల్లటి, గుండ్రటి దుంగల్లాంటివి కూడా దొరికాయి. కాలిన కట్టెలనుకుని కొన్నిటిని పారేశారు కూడా. 1752 అక్టోబరులో ఎవరికో ఒకదాని మీద అక్షరాలు కనబడ్డాయి. అప్పుడు తెలిసింది, అవి పుస్తకాలని.

ప్రాచీన గ్రీకు, రోమన్ ప్రపంచంలో ఎన్నో గ్రంథాలయాలుండేవి. పుస్తకాలతో సహా ఉన్నచోటే మిగిలింది ఇదొక్కటే. మిగతా గ్రీకు, లాటిన్ సాహిత్యంలో చాలా భాగం మనకు చేరింది రాతగాళ్ళ దయవల్ల. ఒకరి ప్రతి చూసి మరొకరు రాశారు, మఠాల్లో సన్యాసులు రాశారు. ఎవరూ రాయకపోతే ఆ పుస్తకం పోయినట్టే. లుక్రీషియస్ అనే రోమన్ కవి అణువుల గురించి, చావంటే భయపడనక్కర్లేదని రాసిన పెద్ద కావ్యం అలా పోవాల్సిందే. 1417లో పోజియో అనే ఇటాలియన్ పండితుడికి దాని ప్రతి ఒకటి దొరకబట్టి మళ్ళీ వెలుగులోకి వచ్చింది. ఆ కవికి గురువులాంటి గ్రీకు తాత్వికుడు ఎపిక్యూరస్ ప్రకృతి గురించి 37 సంపుటాలు రాశాడు. వాటిని ఎవరూ తిరిగి రాసుకోలేదు. అందులో కొన్ని భాగాలు ఇప్పుడు మనకు తెలుస్తున్నాయంటే అది హెర్క్యులేనియం బొగ్గు పుణ్యమే.

ఆ చుట్టల్ని విప్పడం ఎలా? మొదట్లో చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అక్కడి రాజుగారి మ్యూజియం చూసే కామిల్లో పాదెర్ని కత్తి తీసుకుని చుట్టల్ని నిలువునా రెండుగా కోశాడు. లోపలి గుజ్జు గీకి పారేసి, అక్షరం కనిపించే పొర దాకా వెళ్ళేవాడు. ఒక పొర దొరికేది, దాని కిందవి, పైవి నాశనమయ్యేవి.

1753లో వాటికన్ లైబ్రరీ నుంచి ఆంటోనియో పియాజ్జో అనే మతగురువు వచ్చాడు. ఆయన చేసిన యంత్రం చూస్తే పట్టు నేసే మగ్గానికి చిన్న తమ్ముడిలా ఉంటుంది. కర్ర చట్రంలో చుట్టను పెట్టి, దాని అంచుకు పట్టుదారాలు కట్టి, పై నుంచి మేకుల సాయంతో కొంచెం కొంచెంగా లాగాలి. బయటికొచ్చిన పొర విరిగిపోకుండా వెనకవైపు జంతువు పేగు నుంచి తీసిన పల్చటి పొర ముక్కల్ని జిగురుతో అతికించాలి. ఆరేదాకా ఆగాలి. మళ్ళీ వెంట్రుకవాసి లాగాలి. మొదటి చుట్ట విప్పడానికి నాలుగేళ్ళు పట్టింది. అందులో ఏముందో అచ్చులో వచ్చేసరికి 1793 అయింది. పియాజ్జో 1796లో చనిపోయే దాకా ఈ పని వదల్లేదు. నా దృష్టిలో ఈ కథలో అందరికన్నా పెద్ద మనిషి ఆయనే.

విప్పిన పొర ఎక్కువ కాలం నిలవదు, పొడిపొడి అవుతుంది. అందుకని పక్కనే చిత్రకారుల్ని కూర్చోబెట్టి, కనిపించింది కనిపించినట్టు గీయించేవాళ్ళు. ఆ చిత్రకారులకు గ్రీకు రాదు. రాకపోవడమే మంచిదైంది. భాష వచ్చినవాడు సగం అక్షరం చూసి మిగతా సగం తానే ఊహించి పూరిస్తాడు, ఇదే అయి ఉంటుందని ఒక మాట కూర్చేస్తాడు. రానివాడు గీత ఎంతవరకు కనిపిస్తే అంతవరకే గీస్తాడు. చాలాచోట్ల అసలు పాపిరస్ పోయి ఆ బొమ్మలే మిగిలాయి. బొమ్మను, మిగిలిన ముక్కను పక్కపక్కన పెట్టుకుని పాఠం తేల్చడం అప్పటి నుంచి పండితుల పని. కడపలో బ్రౌన్ దొర పండితుల్ని పెట్టుకుని తాటాకు ప్రతుల్ని ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు తేల్పించాడే, అలాంటి ఓపిక కావాలి ఇందుకు కూడా.

తర్వాతి వందేళ్ళు ఆశ, నిరాశ వెంటవెంటనే వచ్చాయి. ఇంగ్లండ్ యువరాజు పంపిన జాన్ హేటర్ 1802 నుంచి 1806 దాకా నేపుల్స్‌లో ఉండి సుమారు 200 చుట్టలు విప్పించాడు. ఫ్రెంచి సైన్యం రాగానే ఊరు వదిలి వెళ్ళాల్సొచ్చింది. అప్పటి బొమ్మలు కొన్ని చివరికి ఆక్స్‌ఫర్డ్ చేరాయి. నెపోలియన్‌కు 1802లో ఆరు చుట్టలు కానుకగా వెళ్ళాయి. అవి ప్యారిస్‌లోని ఫ్రెంచి విద్వత్సంస్థలో ఉన్నాయి. ఫారిటర్ మాట దొరికింది ఆ ఆరింటిలో ఒకదాంట్లోనే. హంఫ్రీ డేవీ అంతటి రసాయన శాస్త్రవేత్త 1819, 1820లో వచ్చి క్లోరిన్, అయొడిన్ ఆవిరితో ప్రయత్నించి, అనుకున్నంత ఫలితం రాక వెనుదిరిగాడు. ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ తన పద్యంలో ఆ చుట్టల్లో సైమొనిడీస్ అనే గ్రీకు కవి రచన ఒక్కటైనా దొరికితే ఎంత బాగుండునని ఆశపడ్డాడు. పోయిన గ్రీకు నాటకాలు, పోయిన రోమన్ చరిత్రలు దొరుకుతాయని యూరప్ అంతా కాచుక్కూర్చుంది.

తీరా దొరికింది ఎక్కువగా ఫిలోడెమస్. క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో సిరియా వైపు నుంచి ఇటలీకి వచ్చిన ఎపిక్యూరస్ శిష్య పరంపరలోని తాత్వికుడు. సీజర్ మామగారైన పిసో ఆయన్ని పోషించాడు. ఆ భవనం కూడా పిసోదే అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. సంగీతం, కోపం, కవిత్వం, దేవుళ్ళు, ఎదుటివాడి తప్పును మొహమాటం లేకుండా ఎత్తిచూపడం, ఇలాంటి వాటి మీద ఆయన పుస్తకాలు. 19వ శతాబ్దపు పాఠకులు పెదవి విరిచారు. వాళ్ళది తొందరపాటని నాకనిపిస్తుంది. ప్యారిస్ చుట్టల్లో ఒకదాన్ని 1980లలో నేపుల్స్‌కు తెచ్చి విప్పితే వందల ముక్కలైంది. ఆ ముక్కల్లో ఫిలోడెమస్ తన మిత్రుల్ని పేరు పెట్టి పిలిచే చోటు ఉంది: ప్లోషియస్, వారియస్, వర్జిల్, క్వింటిలియస్. 1989లో ఇది అచ్చయింది. రోమన్ మహాకవి వర్జిల్ ఈ తాత్వికుడి దగ్గర కూర్చుని చదువుకున్నవాళ్ళలో ఒకడని చెప్పడానికి అంతకన్నా దగ్గరి సాక్ష్యం ఏం కావాలి? వర్జిల్‌ను తలకెత్తుకునే ఇటాలియన్ కవి డాంటే తన కావ్యం రాశాడు. ఆ గొలుసులో ఒక తొలి లంకె ఈ బొగ్గులో దొరికింది.

ఇక విప్పకుండా చదవడం. ఇక్కడ మన తాటాకుకూ పాపిరస్‌కూ ఉన్న తేడా తెలియాలి. తాటాకు మీద గంటం గాటు పెడుతుంది, ఆ గాట్లో మసి పూస్తారు. మసి పోయినా గాటు మిగులుతుంది. పాపిరస్ మీద గాటు లేదు. పైన పూసిన మసి సిరా ఒక్కటే. ఇక్కడ పాపిరస్ కాలి బొగ్గయింది, సిరా కూడా మసే. నలుపు మీద నలుపు. విప్పిన ముక్కలకైతే 1999 నుంచి పరారుణ కాంతి ఫొటోలు అక్కరకొచ్చాయి. ఆ కాంతిలో కాలిన పాపిరస్ కాస్త లేతగా, సిరా ముదురుగా కనిపిస్తుంది. విప్పని చుట్టకు ఎక్స్‌రే తీస్తే లోపలి మడతలు కనిపిస్తాయి గానీ, బొగ్గు మీద మసిని ఎక్స్‌రే వేరు చేయలేదు. కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెంట్ సీల్స్ 2009లో ప్యారిస్ చుట్టల్ని స్కాన్ చేసి ఈ గోడ దగ్గరే ఆగిపోయాడు. ఇజ్రాయెల్‌లో ఎన్‌గెడీ దగ్గర దొరికిన కాలిన చుట్టను మాత్రం ఆయన బృందం విప్పకుండానే చదివింది. హెర్క్యులేనియం చుట్టల దగ్గర ఆ దారి సరిపోలేదు. 2019లో ఇంగ్లండ్‌లోని డైమండ్ అనే సింక్రోట్రాన్ (చాలా శక్తిమంతమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) కేంద్రంలో ప్యారిస్ చుట్టల్ని ఇంకా సూక్ష్మంగా, సుమారు 8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వివరంతో స్కాన్ చేశారు. 2023 మార్చిలో ఆ స్కాన్లను అందరి ముందూ పెట్టి వెసూవియస్ ఛాలెంజ్ పేరుతో పోటీ ప్రకటించారు.

అప్పుడు కేసీ హాండ్మర్ అనే అతను ఏ ప్రోగ్రామూ లేకుండా ఆ చిత్రాల్ని గంటల తరబడి ఉత్త కళ్ళతో చూస్తూ కూర్చున్నాడు. ఒకచోట ఎండిన చెరువు అడుగులా సన్నటి పగుళ్ళు కనిపించాయి. ఆ పగుళ్ళున్న చోట సిరా ఉంది. ఫారిటర్ ప్రోగ్రామ్‌కు నేర్పింది ఆ పగుళ్ళనే. 2024 ఫిబ్రవరిలో ఫారిటర్, యూసెఫ్ నాదర్, జూలియన్ షిల్లిగర్ కలిసి 15 కాలమ్‌లు, 2,000కు పైగా అక్షరాలు తేల్చి 7,00,000 డాలర్ల బహుమతి గెలిచారు. అది మొత్తం చుట్టలో 5 శాతం. వాళ్ళ ప్రోగ్రామ్ ఒక్కసారికి అక్షరం కన్నా చిన్న ముక్క మీదే తీర్పు చెప్పేలా కట్టడి చేశారు. అక్షరాన్ని తనంతట తాను ఊహించి గీయకూడదని. నేపుల్స్ చిత్రకారుడికి గ్రీకు రాకపోవడం ఎందుకు మేలైందో, ఇదీ అందుకే.

మరి ఆ అక్షరాల్ని మాటలుగా విడగొట్టిందెవరు? పాత గ్రీకు రాతలో మాటకూ మాటకూ ఖాళీ ఉండదు. చిరుగు దగ్గర నాలుగు అక్షరాలు పోతే అక్కడ ఏ విభక్తి పడుతుందో, ఎపిక్యూరస్ మార్గంవాళ్ళు ఆ మాటను ఏ అర్థంలో వాడతారో తెలిసి ఉండాలి. నేపుల్స్‌లో మార్చెల్లో జిగాంతే 1969లో ఈ చుట్టల కోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టాడు. అక్కడ తయారైన తరాలే ఇవాళ ఈ పని చేస్తున్నాయి. వాళ్ళు చాలా కొద్దిమంది. నా దిగులంతా ఇక్కడే.

గ్రీకు, లాటిన్ చదువుకు ఒకప్పుడు వేరే రకం గిరాకీ ఉండేది. మన జిల్లాలను ఏలడానికి వచ్చిన తెల్ల అధికారులు 1855 నుంచి పోటీ పరీక్ష రాసి వచ్చేవాళ్ళు. ఆ పరీక్షలో గ్రీకుకు 750 మార్కులు, లాటిన్‌కు 750. సంస్కృతానికి 375, అరబిక్‌కు 375. తెలుగుకు ఆ జాబితాలో చోటే లేదు. ఎంపికయ్యాక నేర్చుకోవడమే. అంటే ఆ చదువు జ్ఞానం ఎంతో, గేటు కూడా అంతే. ఆ గేటు తీసేయడం న్యాయమే. కేంబ్రిడ్జ్ 1919లో, ఆక్స్‌ఫర్డ్ 1920లో గ్రీకు తప్పనిసరి అన్న నిబంధన ఎత్తేశాయి. 1960లో లాటిన్ కూడా పోయింది. 2021లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో క్లాసిక్స్ (గ్రీకు, లాటిన్ సాహిత్యాల చదువు) డిగ్రీకే ఆ రెండు భాషలు తప్పనిసరి కాకుండా పోయాయి. అదే ఏడాది హోవర్డ్ విశ్వవిద్యాలయం క్లాసిక్స్ విభాగాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది. నల్లజాతి విద్యార్థుల కోసం 1867లో పుట్టిన సంస్థ అది. ఒకప్పుడు దొరల పిల్లలకే తెరిచిన తలుపు అందరికీ తెరుచుకున్నాక, గది మూసేయడం నాకు బాధగా ఉంది.

2025లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మరో చుట్టలో దాని పేరే బయటపడింది: దుర్గుణాల గురించి, రచన ఫిలోడెమస్. విప్పని చుట్టలు ఇంకా వందల్లో ఉన్నాయి. భవనం కింది అంతస్తులు పూర్తిగా తవ్వలేదు. అక్కడ ఇంకో గది నిండా పుస్తకాలున్నా ఉండొచ్చని తవ్వమనేవాళ్ళు అంటున్నారు. బయటపెడితే కాపాడగలరా అన్నది వద్దనేవాళ్ళ ప్రశ్న.

2024లో చదివిన ఆ 15 కాలమ్‌లలో ఏముందంటే, సుఖం గురించిన చర్చ. అరుదుగా దొరికే తిండి విరివిగా దొరికే తిండి కన్నా ఎక్కువ ఆనందం ఇస్తుందా అని రచయిత అడుగుతాడు. అలా వెంటనే నమ్మేయం అని తానే జవాబు చెబుతాడు. సంగీతం ప్రస్తావన వస్తుంది, ఉప్పులో ఊరబెట్టి తినే ఒక రకం మొగ్గల ప్రస్తావన వస్తుంది. చివరి కాలమ్‌లో, సుఖం గురించి అడిగితే చెప్పడానికి ఏమీ లేని ప్రత్యర్థుల్ని తప్పుపడతాడు. ఆ తర్వాత, మేం చెప్పేది నిజమే కావాలని, ఆ నిజం మాకు స్పష్టంగా కనిపించాలని కోరుకుంటాడు. చుట్ట అక్కడితో అయిపోతుంది.