పుంజు పోయినా పిల్లలు దానివే

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "మెడ మీద ఈకల్లేని మా పాత పుంజును మేడారంల సమ్మక్క మొక్కుకు ఇచ్చినం. ఆ వారమే డేగ పుంజును కొనుక్కొచ్చినం. అదీ, పెట్టలన్నీ మెడ నిండ ఈకలున్నవే. తర్వాత పది రోజులల్ల పెట్టిన గుడ్లు పొదుగుకు పెడితే సగం పిల్లలకు మెడ మీద ఈకల్లేవు. తల్లికి ఇచ్చిన పుంజు మళ్ల మనింటికే వచ్చిందని మా అత్తమ్మ అంటున్నది. ఇది ఎట్లయితది?"

ఆ పిల్లలు పాత పుంజువే, అనుమానం లేదు. మెడను బోసిగా ఉంచే జన్యువు బహిర్గత జన్యువు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపించి తీరుతుంది. మీ పెట్టల మెడలకూ, డేగ పుంజు మెడకూ ఈకలున్నాయంటే వాటిలో ఆ జన్యువు లేదన్నట్టే. పిల్లల మెడ ముందు వైపు చూడండి, చిన్న ఈకల కుచ్చు ఉంటుంది. జన్యువు ఒక్క వైపు నుంచే వచ్చిందనడానికి అది గుర్తు.

మరి పుంజు లేకుండా పిల్లలెలా? పెట్ట దాచిపెట్టుకుంది కాబట్టి. అండవాహిక (గుడ్డు తయారవుతూ కిందికి దిగే గొట్టం) అడుగు భాగంలో, పెంకు తయారయ్యే అర కింద, కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి. ఒక కొస మూసుకుని, ఒక కొస తెరుచుకుని ఉంటాయి. పుంజు వదిలిన వీర్యకణాల్లో చాలా వరకు దారిలోనే పోతాయి. నూటికి ఒకటో రెండో మాత్రమే ఈ గొట్టాల్లోకి చేరతాయి. చేరినవి 41 డిగ్రీల ఒంటి వేడిలో రెండు మూడు వారాలు బతుకుతాయి. మనిషి వీర్యకణం స్త్రీ శరీరంలో ఐదు రోజులు బతికితే గొప్ప.

అవి అక్కడ నిద్రపోతూ ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. ఈదుతూ ఉంటాయన్నది తర్వాత వచ్చిన వివరణ, నాకు ఎంతో ఇష్టమైనది కూడా. గొట్టం మూసిన కొస నుంచి బయటికి సన్నగా ద్రవం పారుతూ ఉంటుంది. పాకాల చెరువు మత్తడి దూకేటప్పుడు చేపలు ఎదురెక్కుతాయి కదా, వీర్యకణాలూ ఆ ప్రవాహానికి అలాగే ఎదురీదుతాయి. ప్రవాహమంత వేగంగా ఈదినంత కాలం ఉన్నచోటే నిలుస్తాయి. సత్తువ తగ్గినది వెనక్కి కొట్టుకొచ్చి గొట్టం బయట పడుతుంది. బలమైన చేప ఎక్కువ సేపు నిలిచినట్టే, చురుకైన వీర్యమున్న పుంజు ఎక్కువ రోజులు నిలుస్తుంది. చేపలన్నీ ఒకేసారి అలిసిపోవు కాబట్టి రోజుకు కొన్ని చొప్పున బయటికి వస్తూనే ఉంటాయి. అలా వచ్చినవే అండవాహిక పై కొసకు చేరి, రాబోయే పచ్చసొన కోసం కాచుకుని ఉంటాయి. కాచుకోకపోతే కుదరదు. సొన విడుదలైన పావుగంటలో కలయిక జరిగిపోవాలి, ఆ తర్వాత తెల్లసొన చుట్టుకుంటే దారి మూసుకుపోతుంది. పెంకు పూర్తయి గుడ్డు బయటికి రావడానికి సుమారు 25 గంటలు.

కొత్త పుంజు రాగానే దాని వీర్యమూ అవే గొట్టాల్లో చేరుతుంది. పాతది రోజురోజుకూ కారిపోతుంటే కొత్తది నిండుతుంది. ఆ పది రోజుల గుడ్లలో ఇద్దరు తండ్రుల పిల్లలూ కలిసి రావడానికి కారణం ఇదే.

బళ్లో పునరుత్పత్తి పాఠానికి మనిషి బొమ్మే గీస్తాం. పెరట్లో తిరిగే పెట్టతో మొదలుపెడితే ఈ అత్తమ్మ ప్రశ్న తరగతిలోనే వచ్చేది. ఉరుములకు గుడ్లు మురుగుతాయని గంపలో బొగ్గు, ఇనుపముక్క పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పుంజు పోయి నెల దాటాక పెట్టిన గుడ్లయితే బొగ్గు పెట్టినా పిల్లలు కావు. ఏడో రోజు రాత్రి గుడ్డును టార్చి వెలుగుకు అడ్డంగా పట్టండి. ఎర్రటి నరాలు కనిపించకపోతే తీసేయండి.

తన పిల్ల పెట్టలనే పుంజు తొక్కకూడదని పుంజును మార్చడం మంచి పనే. అయితే కొత్త పుంజు పిల్లలే కావాలంటే, పాతది పోయాక మూడు వారాలు, ఇంకా నమ్మకం కావాలంటే నాలుగు, ఆ గుడ్లను తినడానికే వాడండి. ఆ తర్వాతి గుడ్ల మీద పెన్సిలుతో తేదీ రాసి, వారం లోపువే పొదుగుకు పెట్టండి. పది పెట్టలకు ఒక పుంజు చాలు. పెత్తనం చేసే పుంజుతోపాటు మంచి జాతి పడుచు పుంజును వదిలితే ఫలితం తక్కువ. అది తొక్కినా, పెట్ట తరచూ దాని వీర్యాన్ని వెంటనే బయటికి చిమ్మేస్తుంది. అడవి బతుక్కి మళ్లిన కోళ్లలో దీన్ని గమనించి 2000లో ప్రచురించారు. పెత్తందారును గంప కింద కమ్మి, పడుచుదాన్ని విడిగా పెట్టలతో వదలాలి.

ఆ బోసిమెడ పిల్లల్ని మాత్రం అమ్మేయకండి. ఒంటి మీద ఈకలు తక్కువ కాబట్టి వాటి ఒంటి వేడి తొందరగా బయటికి పోతుంది. మే నెల వరంగల్ ఎండకు డేగ పుంజు పిల్లలు నోరు తెరిచి రొప్పుతుంటే, ఇవి మేత మానకుండా తిరుగుతాయి. అందులో ఒక మంచి పుంజు పిల్లను మీ పెట్టల కోసం కాకుండా, పక్క ఊరి మందకు మార్పిడి కింద ఇవ్వడానికి పెంచండి.