హీత్రో రన్‌వే, ఒక్క పౌండు బేరం

హీత్రో మూడో రన్‌వే మళ్లీ వార్తల్లోకొచ్చింది. 2025 జనవరిలో బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ దానికి మద్దతు ప్రకటించడంతో హార్మండ్స్‌వర్త్ ఊళ్లో పాత టెన్షన్ మొదలైంది. హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లే మనవాళ్లు దిగేది ఈ హీత్రోలోనే. దానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న ఊరది. రన్‌వే వస్తే 750కి పైగా ఇళ్లు పోతాయి. 600 ఏళ్ల నాటి ధాన్యపు కొట్టం, గ్రేట్ బార్న్, మాత్రం పోదట.

ఈ రన్‌వే ప్రణాళిక 2010లో రద్దు, 2018లో 415-119 ఓట్లతో పార్లమెంటు ఆమోదం, 2020లో ఒక కోర్టు కొట్టేస్తే మరో కోర్టు నిలబెట్టడం... ఇదంతా అందరికీ తెలిసిందే. ఊరివాళ్లు "పోదు" అన్న మాటను ఎందుకు నమ్మరో తెలియాలంటే 2006కి వెళ్లాలి.

కొట్టానికి అప్పటి యజమాని ఓ నిర్మాణ సంస్థ. అది దివాలా తీశాక కొట్టం ఒక్క పౌండుకి అమ్మకానికి వచ్చింది. వారసత్వ కట్టడాలు చూసే ఇంగ్లిష్ హెరిటేజ్‌కీ, స్థానిక పాలక సంస్థ హిల్లింగ్డన్ కౌన్సిల్‌కీ అదే ధర చెప్పారు. రెండూ వద్దన్నాయి. చివరికి ఆ పౌండు చెల్లించింది ఊరితో ఏ సంబంధమూ లేని, స్పెయిన్ దక్షిణ కొసనున్న బ్రిటిష్ భూభాగం జిబ్రాల్టర్‌లో నమోదైన ఓ కంపెనీ. గడ్డి, గింజ లేని కొట్టం వాళ్లకెందుకు? విమానాశ్రయ విస్తరణ జరిగితే వచ్చే పరిహారం కోసమేనని ఊళ్లో అనుకున్నారు. 2003 నుంచే ప్రభుత్వ పత్రాల్లో మూడో రన్‌వే ఉంది కాబట్టి ఆ అనుమానం గాలిలోంచి పుట్టలేదు.

ఇంతకీ ఆ పౌండుకి దక్కిందేమిటి? 58 మీటర్లకు పైగా పొడవు, సుమారు 12 మీటర్ల ఎత్తు, పన్నెండు అంకణాలు. విల్లు వంపు తిరిగిన ఊత కర్రలు రెండు వరసల ఓక్ స్తంభాల నుంచి లేచి దూలాలను మోస్తాయి. ఒక దుంగ చివర చెక్కిన మొనను మరో దుంగకు తొలిచిన రంధ్రంలోకి దించి, అడ్డంగా ఓక్ మేకు కొట్టారు. స్తంభాల పాదాలకు నేల చెమ్మ తగలకుండా కింద రాతి దిమ్మెలున్నాయి. వించెస్టర్ కాలేజీ తన పొలాల ధాన్యం కోసం 1426-27లో దీన్ని కట్టించింది. కలప కొనడానికి వడ్రంగులు విలియం కిప్పింగ్, జాన్ అట్ ఓక్ అనేవాళ్లు కింగ్‌స్టన్ పట్టణానికి వెళ్లిన సంగతి కాలేజీ లెక్కల్లో ఉంది. ఆనాటి కలపలో చాలా భాగం ఇప్పటికీ దాని చోటులోనే ఉంది. కవి జాన్ బెట్జెమన్ దీన్ని "మిడిల్‌సెక్స్ కెథీడ్రల్" అన్నాడు, అంటే ఆ ప్రాంతపు పాత కౌంటీ మిడిల్‌సెక్స్‌కి ఇదే పెద్ద చర్చి అని.

ఇలాంటి కట్టడాన్ని కూల్చడానికి గడ్డపారలు అక్కర్లేదు, పట్టించుకోకపోతే చాలు. పెంకు జారితే వాన వాసం మీద పడుతుంది. వాసం మెత్తబడితే మేకు వదులవుతుంది. కొత్త యజమాని చేతిలో కొట్టానికి సరిగ్గా ఆ గతే పట్టింది. 2009లో ఇంగ్లిష్ హెరిటేజ్ నోటీసిచ్చి, తానే అత్యవసర మరమ్మతులు చేయించి, ఖర్చు కోసం యజమానితో కొట్లాడాల్సి వచ్చింది. చివరికి 2012లో 20,000 పౌండ్లకు కొనేసింది. ఆరేళ్ల కిందట ఒక్క పౌండుకి వద్దన్న కొట్టమే! ఆ తర్వాత జరిగిన మరమ్మతులకు అంతకు ఎన్నో రెట్లు ఖర్చయింది. అవి బాగా చేశారనే చెప్పాలి.

విమానాశ్రయం వాదన చిన్నదే: కొట్టం విమానాశ్రయ సరిహద్దు బయటే ఉంటుంది, చట్టరక్షణా ఉంది. కాగితం మీద రెండూ నిజమే. అత్యంత విశిష్టమైన వారసత్వ కట్టడాలుండే గ్రేడ్ 1 జాబితాలోని కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చడం, మార్చడం నేరం. అయితే 2006లోనూ అది గ్రేడ్ 1 కట్టడమే. పెంకులు జారుతున్నప్పుడు ఆ జాబితా వాన ఆపలేదు. కొట్టాన్ని చూసుకుంటున్నది ఆ ఊరి వలంటీర్లు. సందర్శకులకు తలుపు తీసేదీ, రాళ్లనూ దూలాలనూ చూపించేదీ వాళ్లే. రన్‌వే కోసం ఇళ్లు ఖాళీ అయ్యాక ఆ పని ఎవరు చేస్తారన్నదే ఊరి ప్రశ్న. దానికి రన్‌వే పక్షం నుంచి ఇప్పటికీ వినిపిస్తున్నది సరిహద్దు గీత ఎక్కడుందన్న జవాబే.